గాలితో బొంకు చెల్లదు

2025వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన కర్నూలు సీమలోని ఓర్వకల్లు సమీప ప్రయోగక్షేత్రమునందు లేసరు కిరణముతో డ్రోనును ఆకాశముననే కూల్చిరి. అదే యేడు జూలై 25వ తేదీన అదే క్షేత్రమున డ్రోను కడుపునుండి చిన్న క్షిపణిని విడిచి గురి దప్పకుండ కొట్టిరని ప్రభుత్వమువారు ప్రకటించిరి. ఈ రెండు వార్తలును బనగానపల్లె మొదలు నంద్యాల వరకు పఠనమందిరములలో నెంత సంతోషముతో చదువబడెనో మేమెరుగుదుము. ఆ సంతోషమును చిన్నబుచ్చుట మా యుద్దేశము గాదు. ఒకనాడు వజ్రములకొరకు త్రవ్వబడిన యీ నేల, నాపరాళ్లకును మామిడికిని పేరొందిన యీ నేల, నేడు దేశరక్షణకు తావైనదనుట గొప్పయే. కాని యింతమంది యింతగా మాటలాడుచు నొక్క ప్రశ్న నడుగరేమి? క్షిపణి యెగిరినది సరే, ఎగురకమునుపు దానిని తూచినదెవ్వరు? ఎక్కడ? దేనితో?

ఈ ప్రశ్నకు జవాబు గాలిసొరంగము. ఆ మాట మన పత్రికలలో నరుదుగ వచ్చును. క్షిపణి నిప్పులు గ్రక్కుచు లేచు చిత్రము మొదటి పుటకెక్కును. దానికి ముందు సంవత్సరములతరబడి నొక గోడలనడుమ చేయెత్తు బొమ్మపై గాలిని తోలి, చీకటిగదిలో కూర్చుండి అంకెలు వ్రాసికొన్న వారి చిత్రము కడపటి పుటకైన నెక్కదు. దేశము దేనిని గౌరవించునో దానినే సంపాదించుకొనును. మనము టపాకాయను గౌరవించి త్రాసును మరచుచున్నామని మా యభియోగము.

గాలిసొరంగమనగా నేమో మన రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. కళ్లములో ముక్కాలిపీట యెక్కి చేట పైకెత్తి జొన్నలు జారవిడుచునప్పుడు అతడు చేయునది గాలిపరీక్షయే. గింజ తిన్నగ క్రిందబడును, పొట్టు దూరముగ పోవును, తాలు నడుమ నెక్కడనో పడును. ఏది గట్టిది, ఏది డొల్ల అని గాలియే తీర్పు చెప్పును. రైతు మాట గాని, షావుకారు మాట గాని, కరణము మాట గాని అక్కడ చెల్లదు. అయితే రైతు గాలికై వేచియుండును. శాస్త్రజ్ఞుడు గాలిని చేసికొనును. అంతియే భేదము. రైలుబండి కిటికీనుండి చేయి చాచినవానికి తెలియును, తాను గాలిలో పోవుటయు, నిలిచిన తనమీదికి గాలి వచ్చుటయు చేతికి నొక్కటేయని. కావున విమానమును పరుగెత్తించుటకు మారుగా, దాని బొమ్మను కదలకుండ నిలిపి దానిపై గాలిని పరుగెత్తింతురు. వెనుకనుండి నొక ఉక్కుకడ్డీ బొమ్మను పట్టుకొనియుండును. ఆ కడ్డీలో త్రాసు ఇమిడియుండును. గాలి బొమ్మను పైకెంత లేపుచున్నది, వెనుకకెంత నెట్టుచున్నది, ప్రక్కకెంత త్రోయుచున్నది, ముక్కునెంత యెత్తుచున్నది, దిక్కునెంత త్రిప్పుచున్నది, దొర్లించుచున్నదా లేదా అను ఆరు లెక్కలను ఆ త్రాసు చెప్పును.

ధ్వనివేగమునకు లోబడిన గాలికిది చాలును. ధ్వనిని మించిన క్షిపణికి చాలదు. అక్కడ గాలి స్వభావమే మారిపోవును. నీటికాలువను ఇరుకుజేసినచో నీరు వడిగ పారునని మనకందరకు దెలియును; కుందూ ఒడ్డున తూము చూచిన పిల్లవాడును చెప్పగలడు. గాలియు ధ్వనివేగమందువరకు నట్లే నడచును. ఆ మీదట తలక్రిందులగును: త్రోవ వెడల్పైనకొలదియే వడి హెచ్చును. అందుచేత ధ్వన్యతీత సొరంగమునకు నడుము సన్నమై పిమ్మట వెడల్పగు నాజిల్ కావలయును. స్వీడను దేశస్థుడు డిలావల్ దీనిని 19వ శతాబ్దమున ఆవిరియంత్రముల కొరకు కల్పించెను. ఆ నాజిల్ గోడ కొలతలో వెంట్రుకవాసి తప్పినను ప్రవాహము చెడును.

ఇంకొక చిక్కు కలదు. వ్యాకోచించిన గాలి చల్లబడును. మన గదిలోని గాలిని ధ్వనికి నాలుగింతల వేగమునకు, అనగా మాక్ 4కు, తెచ్చినచో దాని ఉష్ణత సున్నకు దిగువ 200 డిగ్రీలకు పడిపోవును. ఇంకను వేగము పెంచినచో గాలియే ద్రవమై చినుకులగును. కావున మాక్ 5 దాటినచో గాలిని ముందుగ కొలిమిలో కాచి మరీ విడువవలయును. ముందట నధికమైన ఒత్తిడియు, వెనుక శూన్యమును రెండును సిద్ధపరుపవలయును. మాక్ 6 వద్ద ముందటి ఒత్తిడికిని ప్రవాహములోని ఒత్తిడికిని గల తారతమ్యము సుమారు 1600 రెట్లు. ఇంత గాలిని ఎడతెగక ఊదుటకు నొక పట్టణమునకు చాలినంత విద్యుత్తు కావలయును గనుక, కమ్మరి తిత్తిలో గాలి నింపినట్లు పెద్ద తొట్లలో నింపి ఒక్కసారిగ వదలుదురు. కొలది క్షణములలో పని ముగియవలయును. ఆ క్షణములకై నెలల సన్నాహము.

ఇదంతయు నెందుకని యడుగువారికి నొక లెక్క చెప్పెదము. మాక్ 3 వేగముతో సముద్రముపై తక్కువ యెత్తున పోవు క్షిపణి ముక్కుకొన వద్ద గాలి 550 డిగ్రీలకు మించి కాగును. అల్యూమినియము ఆ వేడిలో కరుగకపోవచ్చును గాని బలము కోల్పోయి చేవ చచ్చును. ముప్పది కిలోమీటరుల యెత్తున మాక్ 6తో పోవుదానికి లెక్కప్రకారము 1500 డిగ్రీలు దాటును. అది ఇనుము కరగు వేడికి దీటు. ధ్వనివేగమును దాటు వేళ రెక్కలపై ఒత్తిడికేంద్రము వెనుకకు జరుగును; ముందెరుగక కట్టిన క్షిపణి ముక్కు వంచుకొని విరిగిపోవును. ఆఘాతతరంగము తోకరెక్కపై ఎక్కడ పడునో నొక జానెడు తప్పుగ ఊహించితిమా, చుక్కాని పలుకదు. ఇవి ఆకాశములో నేర్చుకొనవలెనన్న ఒక్కొక్క పాఠమునకు నొక్కొక్క క్షిపణి సముద్రము పాలగును. సొరంగములో నేర్చుకొన్నచో నొక లోహపుబొమ్మ చాలును.

చరిత్ర యేమి చెప్పుచున్నది? 1887లో మాక్, సాల్కర్ అను ఇరువురు పరుగులిడు తుపాకిగుండు ముందర నేర్పడు ఆఘాతతరంగమును ఛాయాచిత్రమున పట్టి ప్రకటించిరి. రైటు సోదరులు 1901లో చెక్కపెట్టెవంటి చిన్న సొరంగము చేసికొని, అంతవరకు పెద్దలు వ్రాసియుంచిన పట్టికలు నమ్మరానివని తేల్చుకొని, సుమారు 200 రెక్కరూపములను స్వయముగ పరీక్షించిరి, రెండేండ్లకు ఎగిరిరి. ఆ తరువాత జర్మనులు. బాల్టిక్ తీరమునందలి పీనమ్యూండెలో వారు కట్టిన ధ్వన్యతీత సొరంగము ప్రక్కకు 40 సెంటీమీటరులు మాత్రమే. మాక్ 4ను మించిన గాలి నందులో సృష్టించిరి. 1942 అక్టోబరు 3న వారి మహారాకెట్టు లేచుటకు ముందు దాని తోకరెక్కలు ఆ సొరంగములోనే దిద్దబడినవి. (ఆ రాకెట్టులను కొండసొరంగములలో బానిసలచేత కట్టించి వేలమందిని చంపిన పాపమును మేము మరువలేదు, ఆ నేర్పును మెచ్చుకొనువారును మరువరాదు.) 1943 ఆగస్టులో ఆంగ్లేయులు పీనమ్యూండెపై బాంబులు వేయగా సొరంగమును విప్పి బవేరియా కొండలలోని కోకెలునకు చేర్చిరి. 1945లో జర్మనీ ఓడిపోగానే అమెరికనులు దానిని మరల విప్పి పెట్టెలకెత్తి తమ దేశములోని వైట్ ఓక్ అను చోటికి కొనిపోయి నిలబెట్టుకొనిరి. గెలిచినవాడు బంగారమును, పటములను మాత్రము గాక గాలిసొరంగమును గూడ దోచుకొనెననుట మన రాజకీయజ్ఞులు రెండుమారులు చదువదగిన వాక్యము.

మనకు గల పాత గాథయు నుండనే యున్నది. 1780లో పొల్లిలూరు వద్ద మైసూరు రాకెట్టులు కుంపిణీ సైన్యమును కలతపెట్టెను. ఇనుపగొట్టముతో రాకెట్టు చేయు నేర్పు అప్పుడు మనదే. కాని టిప్పు పతనానంతరము ఆ రాకెట్టులు ఇంగ్లండునకు పోయినవి. అక్కడ కాంగ్రీవు వానిని కొలిచి, తూచి, మందు మార్చి, పొడవు మార్చి, పుస్తకము వ్రాసెను. చేయుట మనకు తెలియును. కొలుచుట వారికి తెలిసినది. రెండు వందల యేండ్ల దాస్యమునకు అనేక కారణములలో నిదియొకటి యని మా యభిప్రాయము.

స్వతంత్ర భారతమున ఈ కొరతను మొదట గుర్తించినవారిలో సతీష్ ధావన్ ముఖ్యుడు. మన శ్రీహరికోట కేంద్రము నేడు ధరించుచున్న పేరు ఆయనదే. 1951లో అమెరికా చదువు ముగించుకొని బెంగళూరు విజ్ఞానసంస్థలో చేరి ఆయన కట్టిన మొదటి ధ్వన్యతీత సొరంగము కొలత యెంతయని తలచెదరు? ఒక అంగుళమునకు మూడంగుళములు! మన ముంగిటి గూడంత లేదు. ఆ గూటిముందర కూర్చుండి నేర్చిన శిష్యులే పిమ్మట పెద్ద సొరంగములను నడిపిరి. వారిలో రొద్దం నరసింహ యొకరు. 1984 నుండి 1993 వరకు బెంగళూరు జాతీయ వైమానిక ప్రయోగశాలకు అధ్యక్షులైరి. రొద్దమన్నది మన అనంతపురసీమ గ్రామము పేరని చదువరులకు జ్ఞాపకము చేయుటలో మాకు కొంత స్వార్థము లేకపోలేదు. ఆ ప్రయోగశాలలో 1967లో పనికి వచ్చిన 1.2 మీటరుల సొరంగము ధ్వనికి లోబడినది మొదలు మాక్ 4 వరకు గల వేగములన్నిటిని చూపును. మన దేశపు క్షిపణులు, ఉపగ్రహవాహకములు, యుద్ధవిమానములు దాదాపుగ అన్నియు దాని వాకిట నిలిచి తీర్పు పొందినవే. 1983లో ఆరంభమైన క్షిపణి పథకములో హైదరాబాదున పుట్టిన పృథ్వి, అగ్ని, ఆకాశ్ లకు గాలి యెట్లుండునో చెప్పిన త్రాసులలో నది ప్రధానము.

ఇట్లు మనము మన కాళ్లపై నిలువజూచుచుండగా లోకము ఊరకుండెనా? 1987లో ఏడు సంపన్నదేశములు కూడి క్షిపణి సాంకేతికమునకు కట్టుబాటు నేర్పరచుకొనినవి. అమ్మరాని వస్తువుల పట్టికలో ఇంజను, ఇంధనము, గైరోలతోపాటు గాలిసొరంగమును గూడ వ్రాసికొనినవి. శత్రువు దేనిని దాచునో అదియే విలువైనదని చెప్పుటకు వేరు సాక్ష్యమేల? 1992లో మనకు శీతలేంధన రాకెట్టుయంత్రములు అమ్మజూచిన రష్యాసంస్థపైనను, మన అంతరిక్షసంస్థపైనను అమెరికా ఆంక్షలు విధించెను. 1998 మేలో పోఖ్రానులో అణుపరీక్షలు జరిగిన పిమ్మట, తరువాత తేజసు అను పేరందిన విమానము యొక్క నియంత్రణ వ్యవస్థపై అక్కడ పనిచేయుచుండిన మన ఇంజనీర్లను ఇంటికి పంపివేసిరి. 2016 జూన్ 27న మనము ఆ కట్టుబాటులో సభ్యులమైతిమి. తలుపు తెరచినది వారి దయచేత గాదు. అప్పటికి మన యింట మన త్రాసు లున్నందుననే.

ఇక మన యింటి ప్రతివాదులతో రెండు మాటలు.

ఒకరు, మన పూర్వులు పుష్పకము నడపిరి గదా, యీ సొరంగము లేలయందురు. వారికి మేమిచ్చు జవాబు మాది గాదు, బెంగళూరు విజ్ఞానసంస్థది. వైమానికశాస్త్రమను గ్రంథమున వర్ణింపబడిన విమానములను ఆ సంస్థలోని అయిదుగురు విద్వాంసులు గణించి చూచి, అవి యెగురజాలవనియు, ఆ గ్రంథము ఇరువదవ శతాబ్దపుదే గాని ప్రాచీనము గాదనియు 1974లో తేల్చిరి. రామాయణమునకు దీనివలన వన్నె తగ్గదు. పురాణమును పురాణముగ చదువుకొన్నవాడే నిజమైన భక్తుడు. దానిని యంత్రశాలకీడ్చువాడు పురాణమును యంత్రమును రెంటిని చెరచును.

వేరొకరు, గణనయంత్రములు వచ్చినవి, గాలిని కాగితముపైననే లెక్కింతుము, సొరంగము పాతబడినదందురు. ఇది చదువుకొన్నవారి వాదము గనుక మర్యాదతో వినవలయును. గణనయంత్రము గొప్ప సాధనమే. వంద రూపములను పరీక్షింపవలసిన చోట తొంబదింటిని అదే త్రోసివేయగలదు. కాని క్షిపణి చర్మమునంటియున్న సన్నని గాలిపొర ఎక్కడ సుడులు తిరుగనారంభించునో, ఎక్కడ చర్మమును వీడిపోవునో లెక్కించుటకు అది ఊహాసూత్రములపై నాధారపడును. ఆ సూత్రములు నిజమో కాదో చెప్పవలసినది మరల సొరంగమే. సొరంగమును దోషరహితము గాదు. గోడలు ప్రవాహమును కదిలించును. చిన్న బొమ్మపై గాలి పెద్ద క్షిపణిపై గాలివలె సర్వవిధముల ప్రవర్తింపదు. అందుచేత లెక్క, సొరంగము, ఆకాశము అను మూడు సాక్షులను విచారించినగాని తీర్పు కుదురదు. ఒక సాక్షిని ఇంటికి పంపుట న్యాయస్థానధర్మము గాదు.

మూడవవారు కొనుగోలుదారులు. వీరిది సులువైన మార్గము: డబ్బున్నది, కొనుడు. కొన్న క్షిపణితో వచ్చునది మూతవేసిన పుస్తకము. దాని రెక్కను అంగుళము కత్తిరింపవలెనన్నను, ముక్కులో వేరొక పరికరము పెట్టవలెనన్నను అమ్మినవాని సెలవు కావలయును. ఎందుకనగా ఆ మార్పుతో గాలిలెక్క మారును, ఆ లెక్క వాని సొరంగములో నున్నది. రష్యాతో పొత్తున చేసి 2001 జూన్ 12న మొదట ప్రయోగించిన బ్రహ్మోస్ వంటి పొత్తుపనిలో సైతము మన పాలు పెరుగుట మన కొలతశక్తి పెరిగినంత మేరకే.

నాలుగవ ప్రతివాది యొకడున్నాడు. అతనిని మేము ప్రతివాది యనుటకే సంకోచించుచున్నాము. అతడు మన రాయలసీమ రైతు. త్రాగునీటికి బిందెలు బారులుదీరిన చోట, వాన పడక వేరుసెనగ మాడిన చోట, గాలిని కాచి విడుచుటకు కోట్లు పోయుదురా యని యడుగును. ఈ ప్రశ్నను దేశద్రోహమని కసరుకొనువారు మూఢులు. అడుగుటకు అతనికి హక్కున్నది. మేము చెప్పగలిగినది రెండే. తూచకయే ఎగురవేసి ఓడగొట్టుకొను ప్రతి క్షిపణియు ఆ రైతు సొమ్మే. సొరంగము ఆ నష్టమును తగ్గించును. రెండవది, గాలిసొరంగము క్షిపణికి మాత్రమే పుట్టినది గాదు. మన కర్నూలు కొండలపై తిరుగుచున్న గాలిమరల రెక్కయు, తుపానునకు నిలువవలసిన మేడయు, నదిపై వంతెనయు, బస్సు ముక్కును అన్నియు గాలిలెక్కకు లోబడినవే. ఆ మరల రెక్కలను మన కుర్రవారు తామే గీచి తామే పరీక్షించు దినము వచ్చినచో రైతు ప్రశ్నకు నిజమైన జవాబు దొరకును. అంతవరకు మా జవాబు సగమేయని మేము ఒప్పుకొనుచున్నాము.

ఇటీవల జరిగిన పని మెచ్చదగినది. 2017 మార్చిలో తిరువనంతపురమున అంతరిక్షసంస్థవారు ఒక మీటరు హైపర్సానిక్ సొరంగమును సతీష్ ధావన్ పేరిట తెరచిరి. 2020 సెప్టెంబరు 7న మన స్క్రాంజెట్ వాహనము మాక్ 6 వద్ద ఇరువది క్షణములకు మించి తన మంట తానే నిలుపుకొనెను. అదే యేడు డిసెంబరు 19న రక్షణమంత్రి రాజనాథ సింగు హైదరాబాదులో మాక్ 5 మొదలు 12 వరకు చూపగల, నాజిల్ వాకిలి ఒక మీటరు గల సొరంగమును ప్రారంభించెను. 2025 ఏప్రిల్ 25న హైదరాబాదునందే స్క్రాంజెట్ దహనగదిని నేలపై వేయి క్షణములకు మించి మండించిరి. ఇరువది నుండి వేయికి! ఈ అయిదేండ్ల దూరము సొరంగములలోను, పరీక్షాశాలలలోను నడచినదే. అయితే తిరువనంతపురము తెరచిననాడును, హైదరాబాదు తెరచిననాడును అమెరికా రష్యాల తరువాత మూడవస్థానము మనదేయను ప్రకటనయే వెలువడెను. రెండు వాకిళ్లకు నొక్కటే తోరణము! స్థానసంఖ్య చాటుకొనుటలో నింత ఆత్రమేల? ఆ సొరంగములు ఏడాదికెన్ని మారులు ఊదబడుచున్నవి, వాని వాకిట ఎన్ని పనులు వేచియున్నవి, ఎందరు యువకులకవి పాఠశాలలైనవి అను లెక్కలు, రహస్యమునకు భంగము రాని మేరకు, ప్రజలకు చెప్పవలయును. డప్పునకు ఖర్చైన శ్రద్ధలో నాల్గవవంతు దీనికి చాలును.

మా సీమ మాట చెప్పి ముగింతుము. 1948లో సంస్థానము మద్రాసు రాష్ట్రమున కలిసిన నాటినుండి బనగానపల్లె దేశమునకు తనవంతు ఇచ్చుచునే యున్నది. పండు నిచ్చినది, రాయి నిచ్చినది. ఓర్వకల్లు నేల నిచ్చినది. కాని నేల మనది, మెదడు వేరొకచోటిది అను పంపకము మాకు సమ్మతము గాదు. క్షిపణి యెక్కడ పడునో చూచుటకు మా బిడ్డలు గట్టున నిలువవలెనా? అది యేల తిన్నగ పోయినదో లెక్కకట్టుటకు బల్లముందర కూర్చుండరాదా? ధావన్ ఒక అంగుళమునకు మూడంగుళముల గూటితో ఆరంభించెను. కర్నూలులోను కడపలోను గల ఇంజనీరింగు కళాశాలలలో ధ్వన్యతీత సొరంగము గలవి యెన్ని? లేనిచోట అరచేయంత సొరంగమొకటి నిలుపుటకు, హైదరాబాదు బెంగళూరు ప్రయోగశాలల పెద్దలు ఏడాదికి నొక మాసము వచ్చి పాఠము చెప్పుటకు, రహస్యము గాని పాఠ్యభాగమును తెలుగున నచ్చొత్తించుటకు రాష్ట్రప్రభుత్వము ఎంత కేటాయించినది, కేంద్ర రక్షణశాఖ ఎంత యిచ్చును? మన శాసనసభ్యులును పార్లమెంటు సభ్యులును ఈ ప్రశ్నను తమ తమ సభలలో లిఖితపూర్వకముగ అడిగి, వచ్చిన జవాబును మాకు పంపినచో, అది ఎట్టిదైనను అక్షరము విడువక ఈ పుటలోనే ప్రకటింతుము.